కారు బరువు నాలుగు చక్రాలపై సరిగ్గా పడుతోందా? టేపుతో కొలిస్తే తెలియదు.. కార్నర్ బ్యాలెన్సింగ్ అంటే ఇదే!

కారుకు అడ్జస్టబుల్ సస్పెన్షన్ వేయించారు. నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి ఫెండర్ ఎత్తు కొలిచారు. అన్ని వైపులా ఒకటే కొలత వచ్చింది. ఇక అంతా సెట్ అయినట్టేనా? కానే కాదు. ఎత్తు సమానంగా ఉన్నంత మాత్రాన బరువు సమానంగా పడుతున్నట్టు కాదు. బయటికి నీట్‌గా కనిపించే ఇదే కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా ప్రవర్తించవచ్చు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఒక చక్రం మిగతావాటికంటే ముందే పట్టు కోల్పోవచ్చు.

ఈ తేడాను కనిపెట్టి సరిచేసే పద్ధతినే కార్నర్ వెయిటింగ్ లేదా కార్నర్ బ్యాలెన్సింగ్ అంటారు. రేసింగ్ టీముల్లో ఇది రొటీన్ పని. ఇప్పుడు మామూలు కార్లకు కూడా కాయిలోవర్లు వేయించేవాళ్లు ఉన్నారు కాబట్టి, దీని సంగతేంటో తెలుసుకోవడం మంచిది.

వీల్ బ్యాలెన్సింగ్ వేరు.. ఇది వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. నిజానికి మూడు వేర్వేరు పనులున్నాయి.

వీల్ బ్యాలెన్సింగ్: టైర్ షాపులో రిమ్ముకు చిన్న చిన్న బరువులు అతికిస్తారు. చక్రం తిరిగేటప్పుడు వణుకు రాకుండా చేసే పని ఇది. లెక్క గ్రాముల్లో ఉంటుంది.

వీల్ అలైన్‌మెంట్: చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో చూసి సరిచేస్తారు. టో, క్యాంబర్, క్యాస్టర్ అనే మాటలు ఇక్కడే వినిపిస్తాయి. లెక్క ఎక్కువగా డిగ్రీల్లో ఉంటుంది.

కార్నర్ బ్యాలెన్సింగ్: కారు మొత్తం బరువులో ఏ చక్రం ఎంత మోస్తోందో తూచి, స్ప్రింగ్ ఎత్తు మార్చి సరిచేస్తారు. లెక్క కిలోల్లో ఉంటుంది.

మొదటి రెండూ ప్రతి కారుకూ అవసరమే. మూడోది మాత్రం ఎత్తు మార్చుకునే వీలున్న సస్పెన్షన్ ఉన్న కార్లకే సాధ్యం. కంపెనీ నుంచి వచ్చిన మామూలు స్ప్రింగులకు తిప్పడానికి ఏమీ ఉండదు.

టిఫిన్ సెంటర్ టేబుల్‌తో అర్థం చేసుకోండి

టిఫిన్ సెంటర్లో ఊగే టేబుల్ దగ్గర కూర్చున్నారా? ఒక కాలు కొంచెం పొట్టిగా ఉంటుంది. టేబుల్ ఐమూలగా ఉన్న రెండు కాళ్ల మీదే నిలబడుతుంది. మూడో కాలు ఏదో ఆనీ ఆననట్టు ఉంటుంది, నాలుగోది గాల్లో ఉంటుంది. చెయ్యి ఆనిస్తే ఇటు, తీస్తే అటు. పేపర్ మడిచి పొట్టి కాలి కింద పెడితే ఊగడం ఆగిపోతుంది.

కారు కూడా నాలుగు కాళ్ల టేబుల్ లాంటిదే. కాకపోతే దాని కాళ్లు స్ప్రింగులు. అందుకే ఊగడం కనిపించదు. పొట్టి కాలి వైపు స్ప్రింగ్ కాస్త తక్కువ నొక్కుకుంటుంది, ఐమూలగా ఉన్న మిగతా రెండు స్ప్రింగులు ఎక్కువ నొక్కుకుంటాయి. చక్రాలు నాలుగూ నేల మీదే ఉంటాయి. కానీ బరువు మాత్రం ఒక ఐమూల జత మీద ఎక్కువ, రెండో జత మీద తక్కువ పడుతుంది.

కార్నర్ బ్యాలెన్సింగ్ అంటే ఆ మడిచిన పేపర్ పని చేయడమే. పేపర్ బదులు స్ప్రింగ్ కింద ఉన్న కాలర్‌ను తిప్పుతారు.

కాయిలోవర్‌లో ఏం తిప్పుతారు?

కాయిలోవర్ అంటే షాకబ్జర్, దాని చుట్టూ స్ప్రింగ్ కలిసి ఉన్న యూనిట్. అడ్జస్టబుల్ రకంలో షాకబ్జర్ బాడీ మీద బోల్టుకు ఉన్నట్టే మర ఉంటుంది. ఆ మర మీద ఒక కాలర్ ఉంటుంది. స్ప్రింగ్ దాని మీద కూర్చుంటుంది. సి ఆకారంలో ఉండే పానాతో కాలర్‌ను పైకి తిప్పితే ఆ మూల కారు లేస్తుంది. కిందికి తిప్పితే దిగుతుంది. కింద ఇంకో లాక్ కాలర్ ఉంటుంది. అది బిగిస్తేనే పై కాలర్ కదలకుండా నిలుస్తుంది.

మన దగ్గర తిరిగే చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక వైపు టోర్షన్ బీమ్ ఉంటుంది. అక్కడ స్ప్రింగ్ ఒకచోట, షాకబ్జర్ ఒకచోట విడివిడిగా ఉంటాయి. అలాంటి కార్లకు వెనక స్ప్రింగ్ దగ్గర ఎత్తు మార్చే అడ్జస్టర్ వస్తుంది. పని మాత్రం అదే.

లెక్కతో చూస్తే ఇంకా క్లియర్

డ్రైవర్ కూర్చున్న ఒక చిన్న కారు మొత్తం బరువు 1000 కిలోలు అనుకుందాం. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడితే ఇలా వచ్చింది.

ముందు ఎడమ: 285 కిలోలు
ముందు కుడి: 325 కిలోలు
వెనక ఎడమ: 205 కిలోలు
వెనక కుడి: 185 కిలోలు

ముందు రెండు చక్రాలు కలిపితే 610, వెనక రెండూ కలిపితే 390. ఇంజిన్ ముందుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఎడమ వైపు 490, కుడి వైపు 510. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఇదీ సహజమే.

ఇప్పుడు ఐమూలగా కలపండి. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 530. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 470. తేడా వచ్చింది ఇక్కడే. రేసింగ్ భాషలో మొదటి లెక్కను మొత్తం బరువుతో భాగించి క్రాస్ వెయిట్ అంటారు. ఈ కారు క్రాస్ వెయిట్ 53 శాతం. ఎడమకీ కుడికీ తిరగాల్సిన కారుకు ఇది 50 దగ్గర ఉండాలి.

సరిచేశాక అదే కారు ఇలా ఉంటుంది.

ముందు ఎడమ: 300 కిలోలు
ముందు కుడి: 310 కిలోలు
వెనక ఎడమ: 190 కిలోలు
వెనక కుడి: 200 కిలోలు

రెండు ఐమూలలూ ఇప్పుడు 500, 500. క్రాస్ వెయిట్ 50 శాతం. ముందు చక్రాల మధ్య 40 కిలోలున్న తేడా 10కి తగ్గింది.

ఒక విషయం గమనించారా? ముందు మొత్తం ఇప్పటికీ 610, వెనక 390. ఎడమ 490, కుడి 510. ఇవేవీ మారలేదు. ప్రతి చక్రం మీదా సరిగ్గా 15 కిలోలే అటూ ఇటూ అయ్యాయి.

కాలర్ తిప్పితే మారేది ఐమూల బరువే

ఈ టాపిక్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే. స్ప్రింగ్ కాలర్ ఎంత తిప్పినా ముందు వెనకల వాటా, ఎడమ కుడి వాటా దాదాపు మారవు. అవి ఇంజిన్, బ్యాటరీ, పెట్రోల్ ట్యాంక్, మనుషులు ఎక్కడున్నారనే దాని మీద ఆధారపడతాయి. వాటిని మార్చాలంటే వస్తువు జరపాల్సిందే. రేసింగ్ కార్లలో బ్యాటరీని డిక్కీలోకి మార్చడం అందుకే.

"వెనక లేపితే బరువు ముందుకు వెళ్తుంది కదా?" అని చాలామంది అంటారు. వెళ్తుంది, కానీ ఎంత? 1000 కిలోల కారు, చక్రాల మధ్య దూరం 2500 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు 500 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. వెనక భాగాన్ని 25 మిల్లీమీటర్లు లేపితే ముందుకు జరిగేది సుమారు 2 కిలోలే. అదే ఒక్క మూలలో కాలర్ కొన్ని మిల్లీమీటర్లు తిప్పితే ఐమూల బరువు పదుల కిలోల్లో మారిపోతుంది. చూపుతో అంచనా వేసి కాలర్ తిప్పితే ప్రమాదం అందుకే.

రూల్ సింపుల్. ఒక మూల కాలర్ పైకి తిప్పితే ఆ చక్రం మీద, దానికి ఐమూలగా ఉన్న చక్రం మీద బరువు పెరుగుతుంది. మిగతా రెండింటి మీద తగ్గుతుంది.

రోడ్డు మీద తేడా ఎలా తెలుస్తుంది?

టైరుకు ఒక గుణం ఉంది. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది కానీ అదే లెక్కలో పెరగదు. బరువు రెట్టింపు అయితే పట్టు రెట్టింపు కంటే తక్కువే పెరుగుతుంది. అంటే ఒక జత చక్రాల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ మోస్తుంటే, రెండూ సమానంగా మోసినప్పటికంటే మొత్తం పట్టు తగ్గుతుంది.

పైన చెప్పిన 53 శాతం కారునే తీసుకోండి. శ్రీశైలం ఘాట్ లాంటి రోడ్డులో ఎడమ మలుపు తిరుగుతోంది. బయటివైపు ఉన్న ముందు కుడి చక్రం మీద ముందే బరువు ఎక్కువ. మలుపులో ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు బయటివైపు జారడానికి చూస్తుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. అదే కారు తర్వాతి కుడి మలుపులో దీనికి రివర్స్. ముక్కు చురుగ్గా తిరుగుతుంది కానీ వెనక భాగం ముందుగా జారడానికి సిద్ధంగా ఉంటుంది. ఒకే కారు, ఒకే స్పీడు, రెండు మలుపుల్లో రెండు రకాలు. నెమ్మదిగా వెళ్తే ఇది తెలియదు. వాన పడిన రోడ్డు మీద, సడన్‌గా తప్పించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఆలోచించే టైం ఉండదు.

బ్రేకింగ్‌లోనూ అంతే. 285 కిలోలు మోస్తున్న ముందు ఎడమ చక్రం, 325 మోస్తున్న కుడి చక్రం కంటే ముందే లాక్ అవ్వడానికి చూస్తుంది. ఏబీఎస్ ఉంటే చక్రం లాక్ కాకుండా అది ఆపుతుంది. కానీ లేని పట్టును అది తీసుకురాలేదు. తేలికగా ఉన్న ఆ చక్రం దగ్గర త్వరగా జోక్యం చేసుకోవాల్సి వస్తుంది.

ఓవల్ రేసుల్లో మాత్రం కావాలనే తేడా

అమెరికాలో నాస్కార్ ఓవల్ రేసులు చూసేవాళ్లకు ఒక సీన్ పరిచయమే. పిట్ స్టాప్‌లో టైర్లు మారుస్తుండగా ఒక మెకానిక్ పొడవాటి రెంచ్‌ను వెనక అద్దం దగ్గరున్న రంధ్రంలో పెట్టి గబగబా తిప్పుతాడు. దాన్ని వెడ్జ్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. అతను మారుస్తున్నది క్రాస్ వెయిట్‌నే. ఓవల్ ట్రాక్‌లో కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి అక్కడ 50 శాతం అక్కర్లేదు. వెడ్జ్ పెంచితే వెనక భాగం కుదురుగా ఉంటుంది, తగ్గిస్తే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. రేసు మధ్యలోనే డ్రైవర్ చెప్పేదాన్ని బట్టి మారుస్తారు.

ఎడమకీ కుడికీ మలుపులున్న ట్రాకుల్లో అలా కుదరదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరంలో జరిగిన ఫార్ములా ఈ రేసు కావచ్చు, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ ప్రాంతంలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ కావచ్చు, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే కావచ్చు. రెండు వైపులా కారు ఒకేలా తిరగాలి. ఫార్ములా కార్లలో సాధారణంగా స్ప్రింగ్ కాలర్ బదులు పుష్‌రాడ్ పొడవు మార్చి ఇదే పని చేస్తారు.

ఫార్ములా భారత్, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీలకు కారు తయారుచేసే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక చిట్కా. డ్రైవర్‌తో కలిపి 300 కిలోలుండే కారైతే చక్రానికి సగటున 75 కిలోలు పడతాయి. ఖరీదైన రేసింగ్ కాటాలు లేకపోయినా, 150 కిలోల వరకు తూచే నాలుగు ఒకేరకం ఇంటి కాటాలతో ప్రాక్టీస్ చేయొచ్చు. ముందుగా ఒకే మనిషి నాలుగింటి మీదా నిలబడి ఒకే బరువు చూపిస్తున్నాయో లేదో చెక్ చేయాలి.

లారీలు తూచే వేబ్రిడ్జి కాటా దీనికి సరిపోదు. అక్కడ మొత్తం బరువు తెలుస్తుంది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కిస్తే ముందు బరువు తెలుస్తుంది. నాలుగు చక్రాల లెక్క విడివిడిగా రాదు.

ఎలా చేస్తారు? స్టెప్ బై స్టెప్

1. నేల లెవెల్ చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. 1 మిల్లీమీటరు నొక్కడానికి 5 కిలోలు పట్టే స్ప్రింగులు నాలుగు మూలలా ఉన్నాయనుకోండి. ఒక కాటా కింద నేల 4 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే చాలు, నాలుగు కాటాల రీడింగూ దాదాపు 5 కిలోల చొప్పున తప్పుతుంది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్‌తో కూడా దీన్ని చెక్ చేయొచ్చు. పల్లంగా ఉన్న కాటా కింద పలకలు పెట్టి నాలుగింటినీ ఒకే ఎత్తుకు తెస్తారు.

2. టైర్లలో గాలి సరిచూడాలి. గాలి తేడా అంటే ఎత్తు తేడా, ఎత్తు తేడా అంటే బరువు తేడా.

3. కారు ఎలా నడుపుతారో అలాగే ఉంచాలి. పెట్రోల్ మామూలుగా ఉండేంత ఉండాలి. స్టెప్నీ తీసేసి నడిపితే తీసేయాలి. డ్రైవర్ సీట్లో కూర్చోవాలి, లేదా అతని బరువుకు సమానంగా ఇసుక బస్తాలు పెట్టాలి.

4. యాంటీ రోల్ బార్ లింక్ ఒకటి విప్పాలి. మెకానిక్‌లు దీన్నే స్టెబిలైజర్ లింక్ అంటారు. ఇది బిగుసుకుని ఉంటే అదే ఒక మూలను నొక్కి, ఇంకో మూలను లేపి లెక్క చెడగొడుతుంది.

5. కారును కాటాల మీదికి నెట్టి, నాలుగు మూలలా నొక్కి వదలాలి. హ్యాండ్ బ్రేక్ వేయకూడదు. లేకపోతే టైర్లు పక్కకు కదల్లేక సస్పెన్షన్ బిగుసుకుపోతుంది.

6. రీడింగ్ రాసుకుని క్రాస్ వెయిట్ లెక్కకట్టాలి.

7. కాలర్ తిప్పాలి. ఒక్క మూలలోనే మొత్తం తిప్పితే కారు ఎత్తు మారిపోతుంది. అందుకే నాలుగు మూలల్లో కొంచెం కొంచెం పంచుతారు. మన ఉదాహరణలో ముందు కుడి, వెనక ఎడమ కాలర్లు 3 మిల్లీమీటర్లు కిందికి, ముందు ఎడమ, వెనక కుడి కాలర్లు 3 మిల్లీమీటర్లు పైకి. ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు కదిలే మర అయితే ఒకటిన్నర చుట్టు. ఇది కాగితం మీద లెక్క. టైర్లు, బాడీ కూడా కొంచెం వంగుతాయి కాబట్టి నిజంగా ఇంకాస్త ఎక్కువ తిప్పాల్సి వస్తుంది.

8. మళ్లీ తూచాలి, మళ్లీ తిప్పాలి. రెండు మూడు రౌండ్లు పట్టడం మామూలే. 50 శాతానికి అటూ ఇటూ అర శాతం లోపు వస్తే బాగా కుదిరినట్టే. బ్రేకింగే ముఖ్యం అనుకునేవాళ్లు ముందు రెండు చక్రాలను సమానం చేస్తారు. మన కారులో ముందు రెండూ 305 చొప్పున చేస్తే క్రాస్ వెయిట్ 49 శాతం అవుతుంది. అది కూడా తప్పు కాదు.

9. చివర్లో లాక్ కాలర్లు బిగించి, అలైన్‌మెంట్ చేయించాలి. ఎత్తు మారితే టో, క్యాంబర్ మారతాయి. యాంటీ రోల్ బార్ లింక్‌ను తిరిగి బిగించేటప్పుడు దాని మీద లాగుడు లేకుండా చూడాలి. అడ్జస్టబుల్ లింక్ ఉంటే ఈ పని తేలిక.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

కాలర్ తిప్పేటప్పుడు ఆ చక్రం మీద భారం లేకుండా కారు లేపాలి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకూడదు. స్టాండ్లు పెట్టాల్సిందే. మరలో మట్టి ఉంటే ముందు బ్రష్‌తో శుభ్రం చేయాలి.

కాలర్‌ను మరీ కిందికి దించితే చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగ్ వదులై దాని సీట్లోంచి జరగొచ్చు. తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. కారు బాగా దించితే బ్రేక్ పైపులు, డ్రైవ్ షాఫ్టులు, హెడ్‌లైట్ దిశ కూడా చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా, ఆర్సీలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి సస్పెన్షన్ మార్చే ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అడిగి తెలుసుకోండి. వారంటీ మీద ప్రభావం ఉంటుందేమో కూడా చూసుకోండి.

మీ కారుకు ఇది అవసరమా?

మామూలు స్ప్రింగులతో ఉన్న ఫ్యామిలీ కారు అయితే అవసరం లేదు. డ్రైవర్ పక్కన ఒకరు ఎక్కితే, డిక్కీలో బియ్యం బస్తా పెడితే లెక్క మొత్తం మారిపోతుంది. అలాంటి కారు ఒక పక్కకు లాగుతుంటే టైర్లలో గాలి, అలైన్‌మెంట్, బ్రేకులు, విరిగిన లేదా దిగిపోయిన స్ప్రింగ్ ఉందేమో చూపించుకోవాలి.

ట్రాక్ మీద నడిపే కారైతే తప్పకుండా చేయించాలి. రోడ్డు కారుకే కాయిలోవర్లు వేయించి ఉంటే కిలో కిలో లెక్క చూసుకోవాల్సిన పని లేదు. కానీ ఒక్కసారైనా కాటాల మీద పెట్టించడం మంచిది. ముఖ్యంగా కాలర్లను కంటి చూపుతోనో, ఫెండర్ దగ్గర వేళ్లు పెట్టి కొలిచో తిప్పిన కార్లకు. ఫెండర్ అంచులు, బాడీ ప్యానెళ్లు అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్ల తేడాతో ఉండటం మామూలే. ఆ తేడాను నమ్మి స్ప్రింగ్ తిప్పితే, కనిపించే ఎత్తు సరిపోతుంది, కనిపించని బరువు తప్పిపోతుంది.

షాపులో అడగాల్సిన ప్రశ్న కూడా చిన్నదే. "ఎత్తు ఎంత పెట్టారు?" అని కాదు, "నాలుగు చక్రాల మీద ఎన్ని కిలోలు వచ్చాయి?" అని అడగండి. నాలుగు అంకెలు రాసిన కాగితం చేతికిస్తే పని అయినట్టు. ఇవ్వలేకపోతే, బరువు ఎక్కడ పడుతోందో అక్కడ ఎవరూ చూడలేదని అర్థం.